ఫిర్యాదుల పుస్తకంలో మొదటి పేజీ

అట్‌బాషీ లోయలో తేనెకి వంక పెట్టే హక్కు ఒక్క సైరకాన్‌కే ఉంది. పాత పోస్టాఫీసు గదుల్లో నడిచే తేనె పరీక్షశాలకి ఆమే పెద్ద, ఆమే నిపుణురాలు, పొయ్యిలో బొగ్గు వేసేదీ ఆమే. సీసాలు కడగడానికీ చీటీలు అతికించడానికీ మీర్గుల్ అనే అమ్మాయి ఉంది. తేనెటీగలు పెంచేవాళ్లు తెల్లటి తేనె డబ్బాలు పట్టుకొచ్చి ఆమె బల్ల ముందు బడిపిల్లల్లా నిలబడతారు. ఆమె బాగుందంటే బాగున్నట్టు, నీళ్లెక్కువంటే ఎక్కువైనట్టు. పందొమ్మిదేళ్లలో ఎదురు మాట్లాడినవాడు లేడు.

చిక్కేమిటంటే ఆమె రాసిచ్చిన కాగితం లోయ దాటితే చెల్లదు. సరిహద్దు అవతల కొనేవాళ్లు "ఈ పరీక్షశాలకి అక్రెడిటేషన్ ఉందా?" అని అడుగుతారు. అంటే, ఈమె తేనెని సరిగ్గానే పరీక్షిస్తుందని ఈమెకి చుట్టమూ పక్కమూ కాని మనిషి ఎవరైనా వచ్చి చూసి చెప్పారా అని. ఎవరూ చెప్పలేదు. అందుకని ఏటా డబ్బాలన్నీ రాజధాని బిష్కెక్ దాకా మోసుకుపోవాల్సి వస్తోంది. ఈ చలికాలంలోగా ఆ గుర్తింపు రాకపోతే పరీక్షశాల మూసేసి, ఆ గదులు చెప్పుల దుకాణానికి ఇచ్చేస్తామని జిల్లా కార్యాలయం వాళ్లు మొహమాటం లేకుండా చెప్పేశారు. మూడు నెలలుగా సైరకాన్ తిన్న తిండి ఒంటబట్టలేదు. తన చేతికి అలవాటైన ప్రతి పనినీ కాగితం మీద పెట్టింది, తూకపు రాళ్లు పట్నం పంపి సరిచూపించుకుంది, ఫైళ్లకి రంగురంగుల అట్టలు వేసింది. ఆ గదుల్లో చెప్పుల జతలు వేలాడటం తలుచుకుంటేనే ఆమెకి ఏడుపొచ్చేది.

తేనెను పరీక్షించే ఆమెను పరీక్షించడానికి బిష్కెక్ నుంచి వచ్చిన మనిషి పేరు ఎసెన్‌కుల్. అరవై దాటినవాడు, మడత నలగని కోటు, చేతిలో సంచి, సంచిలో సొంత రొట్టె, సొంత టీ ఫ్లాస్కు. ఆయన ఇంకా కోటు విప్పకముందే సైరకాన్ అత్తగారు బత్మా ఎదురింటి నుంచి వేడి రొట్టె పట్టుకొచ్చి గుమ్మంలో నిలబడింది. ఊరంతా ఆమెను అపా, అంటే అమ్మా, అనే పిలుస్తుంది.

"రా నాయనా, ముందు రొట్టె నోట పెట్టుకో."

"ఏమనుకోకండి అపా. పరిశీలనకి వెళ్లిన చోట ఏమీ ముట్టుకోకూడదని మాకు నియమం."

"గుమ్మం దాకా వచ్చినవాడు చిటికెడు రొట్టె నోట పెట్టుకోకుండా ఉంటాడా? ఏ ఊరు నాయనా మీది?"

"మీ చేతి రొట్టె తిన్నానని తెలిస్తే, రేపు మీ కోడలికి నేనిచ్చే కాగితాన్ని ఎవరూ నమ్మరపా."

"చిటికెడు రొట్టెకే అమ్ముడుపోయేవాడివైతే నిన్ను పంపినవాళ్లనే అనాలి," అని బత్మా రొట్టె అక్కడే బల్ల మీద పెట్టి, మొహం ముడుచుకుని వెళ్లిపోయింది.

మధ్యాహ్నం దాకా అంతా సాఫీగా జరిగింది. ఎసెన్‌కుల్ ఫైళ్లు తిరగేశాడు, త్రాసు చూశాడు, మీర్గుల్ చేత సీసా కడిగించి మరీ చూశాడు. తరువాత అల్మారా కింది అరలోంచి ఫిర్యాదుల పుస్తకం తీసి దుమ్ము ఊదాడు. మొదటి పేజీ తెల్లగా ఉంది. చివరి పేజీ కూడా అంతే తెల్లగా ఉంది.

"ఫిర్యాదులు?"

"లేవన్నా," అంది సైరకాన్. ఆ మాటలో కాస్త గర్వం ఉంది. "ఒక్కటి కూడా లేదు. కావాలంటే ఊళ్లో ఎవరినైనా అడగండి అన్నా."

ఎసెన్‌కుల్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "చూడమ్మా, ఫిర్యాదు లేని చోట్లు నా సర్వీసులో రెండే చూశాను. ఒకటి శ్మశానం. రెండోది, ఎవరూ నోరెత్తడానికి సాహసించని చోటు. తప్పులు అందరూ చేస్తారు. నువ్వు తప్పు చేస్తావా లేదా అని చూడటానికి రాలేదు నేను. నీ తప్పు బయటపడ్డాక ఏం చేస్తావో చూడటానికి వచ్చాను. అది ఒక్కసారైనా చేసినట్టు కనపడకపోతే ఏ ధైర్యంతో సంతకం పెట్టమంటావు? రేపు మధ్యాహ్నం దాకా ఉంటాను."

ఆయన ఇంత చెబితే సైరకాన్ చెవికి ఎక్కింది ఒక్కటే: రేపు మధ్యాహ్నంలోగా ఒక ఫిర్యాదు కావాలి.

ఆ సాయంత్రం ఆమె మీర్గుల్‌ని వెంటబెట్టుకుని ఫిర్యాదు అడుక్కోవడానికి బయలుదేరింది. ముందుగా నలభై తేనెటీగల పెట్టెల ఆసామి కాల్మురాత్ ఇంటికి వెళ్లింది.

"నీ మీద ఫిర్యాదా? నా నోరు పడిపోనూ!" అన్నాడు కాల్మురాత్. "కిందటేడు నా తేనెలో నీళ్లెక్కువన్నావు. అన్నానా ఒక్క మాట? చిల్లర దుకాణంలో వచ్చినంతకి అమ్మేసుకున్నాను. నువ్వన్నాక అంతే, చెల్లీ."

"కాదన్నా, ఏదో ఒకటి రాయి. నాకు మేలు చేసినవాడివవుతావు."

మేలు అనేసరికి ఆయన కాదనలేక, కాగితం తీసుకుని చాలాసేపు ఆలోచించి రాశాడు. "ఈ పరీక్షశాలలో పెద్ద లోపం ఏమిటంటే, సైరకాన్ లాంటివాళ్లు ఒక్కరే ఉండటం."

రెండో ఇల్లు ఊల్కాన్‌ది. ఆమె గుండెల మీద చెయ్యి వేసుకుంది. "మా అబ్బాయికి మీ చుట్టాలమ్మాయిని అడుగుదామని నేననుకుంటుంటే, నీ మీద కాగితం రాయమంటావేమే? రేపు ఏ మొహం పెట్టుకుని రాను?" ఎంతో బతిమాలించుకుని, చలికాలంలో పరీక్షశాల మెట్లు జారుతున్నాయనీ, అది మెట్ల తప్పే గానీ సైరకాన్‌ది కాదనీ రాసి, కింద నిండు నూరేళ్లూ చల్లగా ఉండమని దీవించింది.

మూడో మనిషి దోరోన్‌బెక్ మాత్రం అడగ్గానే ఒప్పుకుని రెండు పేజీలు ఆపకుండా రాశాడు. చదివితే ఏముంది, కాల్మురాత్ ఈగలు తన పెట్టెల్లో పడి తేనె దొంగిలిస్తున్నాయట.

"అక్కా, ఎందుకీ తిప్పలు? నేనే రాసేస్తాను, ఎడమచేత్తో," అంది మీర్గుల్ తిరిగొస్తూ. "పరాయి ఊరి పేరు పెడదాం."

సైరకాన్ వెంటనే కాదనలేదు. సందు మలుపు దాకా ఆ మాట ఆమెతోనే నడిచింది. అక్కడ ఆగి, "తేనెలో కల్తీ పడితే డబ్బా విసిరికొట్టేదాన్ని, ఇప్పుడు ఫిర్యాదే కల్తీ చెయ్యనా? నోరు మూసుకుని పద," అంది.

తెల్లారింది. సమోవార్ పక్కన కూర్చుని బత్మా అపా పాల టీ పోస్తూ, ఏడాదిగా రోజూ మొదలుపెట్టినట్టే మొదలుపెట్టింది. సైరకాన్ కూడా ఏడాదిగా రోజూ చేసినట్టే రొట్టె మీద మీగడ రాసుకుంటూ చెవులు మూసేసుకుంది.

"కిందటేడు ఆగస్టులో నా ఏడు పెట్టెల తేనెనీ నీళ్ల తేనె అన్నావు. ఈగలు మైనంతో మూతలు వేశాకే తీశాను కదా, అందులో నీళ్లెక్కడివి? ఆ రోజు నీ గది హమామ్ స్నానాల గదిలా మండిపోతోంది. ఎండంతా నీ కిటికీలోనే ఉంది. నీ ముక్కు మీంచి చెమట కారుతోంది. ఆ వేడిలో నీ గొట్టంలోంచి చూస్తే నీకేం తెలిసింది?"

సరే అపా, ఇంకాస్త టీ పొయ్యండి అనబోయింది సైరకాన్, రోజూ అన్నట్టే. టీ గిన్నె నోటి దగ్గరే ఆగిపోయింది.

"అపా," అంది నెమ్మదిగా. "మళ్లీ చెప్పండి."

తన మాట మళ్లీ చెప్పమని బత్మాని ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అడిగి ఎరగరు. "ఒంట్లో బాగానే ఉందా?" అంది అనుమానంగా.

"బాగానే ఉంది. గది వేడిగా ఉందన్నారు చూడండి, అదంతా పుస్తకంలో రాసివ్వాలి మీరు."

"రాస్తే నీకేమైనా అవుతుందా?"

"అవ్వొచ్చు. పరీక్షశాల పోయినా పోవచ్చు."

బత్మా కోడలి మొహంలోకి కాసేపు చూసింది. "పోయే పనైతే రాయించుకుంటావా నువ్వు? సరే, నా కళ్లజోడు ఎక్కడుందో చూడు."

అలా ఫిర్యాదు నంబరు ఒకటి పుస్తకంలోకి ఎక్కింది. అపా పరీక్షశాల గది మధ్యలో కుర్చీ వేయించుకుని కూర్చుంది, ఎసెన్‌కుల్ పక్కన నిలబడి చూస్తున్నాడు. సైరకాన్ చల్లటి అరలోంచి కిందటేడు దాచి, సీలు వేసి ఉంచిన సీసా తీసింది. కిటికీకి తెర లాగి, గది ఇరవై డిగ్రీలకి చల్లబడేదాకా ఆగి, తేనెలో నీటి శాతం చూసే గొట్టం కంటికి పెట్టుకుంది. ఇరవై శాతం దాటకూడదు. కిందటేడు ఆమె రాసింది ఇరవై పాయింట్ ఆరు. ఇవాళ గొట్టం చూపించింది పందొమ్మిది పాయింట్ ఏడు.

కిందటేటి రికార్డులో గది వేడి రాయాల్సిన గడి ఖాళీగా ఉంది. వేడిలో ఆ గొట్టం ఉన్నదానికన్నా నీరు ఎక్కువ చూపిస్తుందని ఆమె చదువుకునే రోజుల్లోనే నేర్చుకుంది. సీసాలో ఏడాది నిలవుంది కదా, మారి ఉండొచ్చు అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. అలా అంటే ఎవరూ కాదనలేరు కూడా. ఆమె అనలేదు. ఎవరూ అడగకుండానే వెళ్లి, అదే రోజు నీళ్లెక్కువని తేల్చిన మిగతా మూడు సీసాలు తెచ్చి బల్ల మీద పెట్టింది. కాల్మురాత్ తేనె బాగుంది. ఊల్కాన్ తేనె బాగుంది. దోరోన్‌బెక్ తేనెలో మాత్రం నిజంగానే నీళ్లెక్కువ.

నువ్వన్నాక అంతే అని నవ్వుతూ మంచి తేనెను చిల్లర దుకాణానికి ఇచ్చేసిన కాల్మురాత్ మొహం గుర్తొచ్చి, సిగ్గుతో సైరకాన్ చెవులు కాలిపోయాయి.

"అయిపోయింది మన పని," అని మీర్గుల్ గొణిగింది.

"ఆ పక్క గడిలో కారణం రాయమ్మా," అన్నాడు ఎసెన్‌కుల్.

'గది వేడిగా ఉంది, ఎంత వేడో చూడలేదు' అని రాసింది సైరకాన్.

"ఇది జరిగిన సంగతి. ఏడాది పాటు ఎందుకు బయటపడలేదు? దాని మూలం దాకా వెళ్లు."

"నేను రోజూ చెబుతూనే ఉన్నాను," అంది బత్మా కుర్చీలోంచి.

సైరకాన్ రాసినదాని మీద ఒక గీత గీసి, పక్కన సంతకం పెట్టి, కింద మళ్లీ రాసింది. రాశాక పైకి చదివింది.

"ఫిర్యాదు చేసింది మా అత్తగారు. అందుకని రోజూ విన్నాను, ఒక్కరోజూ పట్టించుకోలేదు. తక్కినవాళ్లు నా మీద గౌరవంతో నోరు మూసుకున్నారు. ఆ గౌరవం నాకు బాగుండేది."

ఎసెన్‌కుల్ ఆ పేజీని రెండుసార్లు చదువుకున్నాడు. "ముప్ఫై ఏళ్లుగా ఈ గడిలో సిబ్బంది అజాగ్రత్త అన్న ముక్కే చదువుతున్నాను," అన్నాడు. "నెల రోజులు టైమిస్తున్నాను. గొట్టాన్ని కిటికీ దగ్గర్నుంచి తీసెయ్, గోడకి థర్మామీటర్ పెట్టు, పరీక్ష చేసిన ప్రతిసారీ చూసి రాయి. మిగతావాళ్లకి ఉత్తరాలు రాసి ఉన్నది ఉన్నట్టు చెప్పు. అవన్నీ చేసి పంపితే, గుర్తింపు ఇవ్వొచ్చనే నేను రాస్తాను."

"ఇంత తప్పు చూశాక కూడానా?"

"చూశాను కాబట్టే. నిన్న మధ్యాహ్నం వెళ్లిపోయి ఉంటే రాసేవాణ్ణి కాదు."

మిగిలింది ఆఖరి గడి: ఫిర్యాదుదారుకి తృప్తి కలిగిందా? పుస్తకం అపా ఒళ్లో పెట్టారు. ఆమె కలం పట్టుకుందే గానీ సంతకం పెట్టలేదు.

"ఏడాది, సైరకాన్."

"తప్పు నాదే అపా. నన్ను క్షమించండి."

బత్మా కళ్లజోడు తీసి, తలగుడ్డ అంచుతో తుడిచి, మళ్లీ పెట్టుకుని, ఒక్కో అక్షరమే కూడబలుక్కుంటూ సంతకం పెట్టింది. తరువాత పేజీ తిప్పింది.

"నంబరు రెండు ఇక్కడే కదూ రాయాల్సింది?"

"ఇంకా ఏముందపా?" అంది సైరకాన్ బెదిరిపోయి.

"నీ మీద కాదులే. రెండు రోజులుగా ఈ పెద్దమనిషి గుమ్మంలోకి వస్తున్నాడు, పోతున్నాడు. నా రొట్టె నిన్నటి నుంచి బల్ల మీదే ఎండిపోతోంది. ఇది ఎవరికి చెప్పుకోవాలి?"

"మా మీద ఫిర్యాదులకి మా ఆఫీసులో వేరే పుస్తకం ఉందపా," అన్నాడు ఎసెన్‌కుల్ మర్యాదగా. "చిరునామా ఇస్తాను."

"అందులో నీ మీద ఎన్ని ఉన్నాయి?"

"ఒక్కటీ లేదు," అన్నాడు ఎసెన్‌కుల్.

"ముప్ఫై ఏళ్లలోనా?"

"ముప్ఫై ఏళ్లలో."

"మరి నిన్న నా కోడలికి ఏదో చెప్పావటగా," అంది బత్మా. "నువ్వు శ్మశానానివా, ఎవరూ నోరెత్తలేని చోటువా?"

సైరకాన్ పకపకా నవ్వేసింది. మూడు నెలల తరువాత ఆ గదిలో వినపడిన మొదటి నవ్వు అది. ఎసెన్‌కుల్ నవ్వలేదు. ఎర్రబడ్డ మొహంతో సంచిలోంచి ఒక తెల్లకాగితం తీసి అపా ముందు పెట్టి, తన కలం మూత తీసి ఆమెకు అందించాడు.

"రాయండపా," అన్నాడు.

బత్మా కుర్చీని బల్ల దగ్గరికి లాక్కుంది. "నీ పేరు నెమ్మదిగా చెప్పు నాయనా, తప్పు పోకూడదు."