అలకల మలుపు

సెల్‌ఫోన్ కంపెనీ ఆఫీసులో అతన్ని అందరూ టవరు అంటారు. పొడుగు చూసి పెట్టిన పేరు కాదు, మనిషి మామూలు ఎత్తే. ఎవరింటికి వెళ్ళినా చెప్పులు విడవకముందే ఫోన్ తీసి, కిటికీ దగ్గర నిలబడి సిగ్నల్ ఎంత వస్తోందో చూస్తాడు, అందుకని. పెళ్ళయిన కొత్తలో అత్తగారింట్లో కూడా ఇదే పని చేస్తే, అల్లుడికి ఇల్లు నచ్చలేదేమోనని మామగారు రాత్రంతా బెంగపెట్టుకున్నాడు. అలాంటి మనిషి నగరంలో భవనమన్నదల్లా దూరి కొలిచాడు గానీ, పెద్దాసుపత్రి వైపు మాత్రం ఏదో ఒక సాకు చెప్పి రెండేళ్ళుగా తప్పించుకు తిరుగుతున్నాడు. ఆ ఆసుపత్రిలో, నేలకి దిగువన ఉన్న బట్టల గదిలో, వాళ్ళ అక్క పనిచేస్తుంది. చిరిగిన దుప్పట్లు, రోగుల గౌన్లు కుట్టడం ఆవిడ పని. అక్కాతమ్ముళ్ళ మధ్య మాటల్లేవు.

ఈసారి సాకులు సాగలేదు. ఫోన్లు మధ్యలో తెగిపోతున్నాయని డాక్టర్లంతా కట్టకట్టుకుని ఫిర్యాదు చేశారు. మేనేజరు టవరుని పిలిచి, "అక్కడి సెట్టింగులు మార్చింది నువ్వే. నువ్వే వెళ్ళి చూడు. ఇంకొకణ్ణి పంపితే వాడు నీ మీద చెప్తాడు, నువ్వు వాడి మీద చెప్తావు, మధ్యలో నేను చావాలి" అన్నాడు. టవరు సంచీ భుజాన వేసుకున్నాడు.

సంచీలో ఉన్నవి చూడ్డానికి మామూలు ఫోన్లే. కాకపోతే ఒక్కోదాన్నీ ఒక్కో బ్యాండుకి కట్టేయొచ్చు, ఇక అది పక్క చూపులు చూడదు. ఒకే సెల్ టవరు నుంచి సిగ్నల్ రకరకాల ఫ్రీక్వెన్సీల్లో వస్తుంది, వాటినే బ్యాండులంటారు. తొమ్మిది వందల బ్యాండు నిదానస్తురాలు, కానీ గోడలు దాటుకుని మూలమూలకీ వెళ్తుంది. ఇరవై మూడు వందలది మహా స్పీడు. రోడ్డు మీద దాని దర్జా చూడాలి, తీరా రెండు గోడలు అడ్డమొస్తే నీరుగారిపోతుంది. పద్దెనిమిది వందలది ఈ రెండింటికీ మధ్యన సర్దుకుపోయే రకం. ఏ గదిలో ఎవరి బలమెంతో కొలిచి, ఫోన్ ఎప్పుడు ఎవరి చెయ్యి వదిలి ఎవరి చెయ్యి పట్టుకోవాలో నిర్ణయించడం టవరు ఉద్యోగం.

ఈ పిచ్చి అతనికి అంటించింది బావే. బావకి రేడియోలు బాగుచేసే కొట్టు ఉండేది. అక్క పెళ్ళయ్యాక వచ్చిన ప్రతి సెలవుకీ టవరు అక్కడే మకాం. బావ ముల్లు తిప్పుతూ గరగరలోంచి ఎక్కడో దూరపు స్టేషను పట్టుకున్నప్పుడల్లా ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని నవ్వుకునేవాళ్ళు. రేడియోలు పోయాయి, కొట్టు మూతపడింది, బావ ఇంట్లో కూర్చున్నాడు. అక్క ఉద్యోగంలో చేరింది. టవరు ఇంజనీరయ్యాడు.

కొత్త ఫ్లాటులో చేరాక ఒక ఆదివారం ఆఫీసువాళ్ళని భోజనానికి పిలిచాడు. అక్కనీ బావనీ కూడా పిలిచాడు. భోజనాల దగ్గర బావ హుషారుగా, యాంటెన్నా ఎటు తిప్పితే ఏ స్టేషను వచ్చేదో చెప్పుకుపోతున్నాడు. వాళ్ళు మర్యాదకి తలలూపుతున్నారు. తలలూపుతూ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకోవడం టవరు కంట పడింది. అంతే, ఒళ్ళు మండింది.

"ఊరుకో బావా, ఆ పాత రేడియో కబుర్లు ఇక్కడ ఎవరికి కావాలి?" అన్నాడు.

బావ నవ్వబోయి ఆగిపోయాడు. కాసేపు కంచంలో వేళ్ళు ఆడించి లేచాడు. ఆయన వెనకే అక్క లేచింది. తలుపు దగ్గర తమ్ముడి వైపు ఒక్క చూపు చూసి వెళ్ళిపోయింది. ఆ క్షణంలో వెంటపడి మెట్ల మీదైనా పట్టుకోవాల్సింది. అతిథులున్నారు కదా, తర్వాత చూసుకుందాంలే అనుకున్నాడు. ఆ తర్వాత అన్నది వారాలు దాటినా రాలేదు.

ఒక మధ్యాహ్నం అక్కే ఫోన్ చేసింది. "తమ్ముడూ, ఒక మాట చెప్పాలిరా, విను" అంది. వినొచ్చు కదా! వినలేదు. "ముందు నేను చెప్పేది విను అక్కా. అంతమందిలో కంచం ముందు నుంచి లేచిపోయి నా పరువు తీసింది మీరు" అని మొదలుపెట్టి, అన్నాళ్ళూ కడుపులో పెట్టుకున్నదంతా కక్కేశాడు. చివరికి ఊపిరి తీసుకుని "వింటున్నావా?" అంటే అవతల ఎవరూ లేరు. మొహం మీదే కట్ చేసిందన్నమాట. సరే, కట్ చేసినవాళ్ళే మళ్ళీ చేయాలి అనుకున్నాడు. ఫోన్ బల్ల మీద కళ్ళ ముందే పెట్టుకుని సాయంత్రం దాకా కూర్చున్నాడు. అది మోగలేదు.

బావ పోయాడన్న కబురు పెద్దమ్మ కొడుకు ద్వారా తెలిసింది, అదీ అంతా అయిపోయాక. పరుగెత్తుకెళ్తే, అక్క అతన్ని చూసి లోపలికి పోయి తలుపేసుకుంది. బావ చావు కబురు కూడా నాకు చెప్పలేదన్న రోషంతో టవరు వెనక్కి వచ్చేశాడు. ఏడుపు రావలసిన చోట రోషం వచ్చి కూర్చుంటే మనిషికి ఎంత సుఖంగా ఉంటుందో! రెండేళ్ళూ ఆ సుఖంలోనే గడిపాడు. కానీ వంటింట్లో పెళ్ళాం "మీ అక్కయ్య..." అంటూ ఏదో గుర్తుచేసుకోబోయినప్పుడల్లా లేచి బాల్కనీలోకి పోయేవాడు. అక్క నోట మళ్ళీ ఒక్కసారి తమ్ముడూ అనిపించుకోవాలన్న కోరిక తప్ప అతనికి ఇప్పుడు పెద్ద కోరికలేవీ లేవు. ఆ మాట ఎవరితోనూ అనలేదు, అంతే.

ఆసుపత్రిలో తోడు రమ్మని ఒక గార్డుని ఇచ్చారు. వార్డులు, ఆపరేషన్ గదులు, ల్యాబులు అన్నీ తిరిగారు. చివరికి వెనక గుమ్మం దగ్గరికొచ్చారు. అక్కణ్ణించి మెట్లు కిందికి దిగి, మధ్యలో మలుపు తిరిగి, బట్టల గది వైపు పోతాయి.

"అది వదిలేద్దాం. కింద డాక్టర్లెవరూ ఉండరు కదా" అన్నాడు టవరు.

"అసలు చూడాల్సింది అదే సార్!" అన్నాడు గార్డు. "ఆ మలుపుని మేం అలకల మలుపంటాం. మాట్లాడుతూ దిగేవాళ్ళందరికీ ఫోన్ అక్కడే తెగుతుంది. అవతలివాళ్ళేమో మనమే మొహం మీద కట్ చేశామనుకుంటారు. మా ఆవిడ అట్లాగే అలిగి పుట్టింట్లో కూర్చుంది సార్. తీసుకురావడానికి నా తలప్రాణం తోకకొచ్చింది. ఒక నర్సమ్మకైతే కుదిరిన సంబంధమే తప్పిపోయింది."

టవరు నవ్వాడు. నవ్వుతూనే ఫోన్లు తీశాడు. ముందు ఇరవై మూడు వందలకి కట్టేసి దిగాడు. గుమ్మం దగ్గర సిగ్నల్ గీతలన్నీ నిండుగా ఉన్నాయి. మలుపు తిరిగి రెండడుగులు వేశాడో లేదో, చచ్చి ఊరుకుంది. తొమ్మిది వందలకి కట్టేసి దిగితే గుమ్మం దగ్గర అంత గొప్పగా లేదు గానీ, మలుపు దాటి బట్టల గది తలుపు దాకా సన్నగా, తెగకుండా వచ్చింది. ఆ గదిలో మాట్లాడుకోవడానికి అది చాలు. ఇక అసలు పరీక్ష మిగిలింది. ఏ బ్యాండుకీ కట్టకుండా, మామూలు ఫోన్ ఎలా ఉంటుందో అలా వదిలేసి, ఆఫీసుకి కాల్ కలిపి దిగాడు. మలుపు దగ్గరికి వచ్చేసరికి అవతలి గొంతు టక్కున ఆగిపోయింది. కాసేపటికి ఫోన్ తేరుకుని నిదానం బ్యాండుని పట్టుకుంది. కాల్ మాత్రం పోయింది.

"ఎప్పట్నించీ ఇలా?" అని అడిగాడు.

"ముందు లేదు సార్. రెండేళ్ళ కింద స్పీడు పెరిగిందని మెసేజీలు వచ్చాయి చూడండి, అప్పట్నించి."

ఆ స్పీడు పెంచిన పుణ్యాత్ముడు టవరే. ఫోన్లు తొందరపడి నిదానం బ్యాండుకి పోకుండా, స్పీడు బ్యాండు కొనఊపిరితో ఉన్నంతవరకూ దాన్నే పట్టుకుని వేలాడేలా సెట్టింగు మార్చాడు. స్పీడు లెక్కలు మెరిశాయి, మేనేజరు భుజం తట్టాడు. మార్చాక పరీక్షించాడు కూడా. ఎలా? కారు అద్దానికి ఫోన్ తగిలించుకుని ఆసుపత్రి చుట్టూ రోడ్డు మీద తిరిగి. గోడలకింత సిగ్నల్ పోతుందిలే అని అందరూ వేసుకునే ఉజ్జాయింపు లెక్క తనూ వేసుకున్నాడు. కారు దిగితే మెట్లు ఉంటాయని, ఆ మెట్ల మీద మనుషులు మాట్లాడుకుంటూ దిగుతారని అతనికి తట్టలేదు.

మలుపులో గోడకి ఆనుకుని నిలబడ్డాడు. అక్క ఇక్కణ్ణించే చేసుంటుంది. ఈ మెట్లు దిగుతూనే చేసుంటుంది. అక్క కట్ చేయలేదు!

ముందు అతనికి కలిగింది బాధ కాదు, సంతోషం. నమ్మండి, గంతులేయాలనిపించేంత సంతోషం. రెండేళ్ళ రోషం ఒక్క మలుపులో ఎగిరిపోయింది. తప్పు అక్కది కాదు, తనది అంతకన్నా కాదు, తనదైనా అది సెట్టింగులో తప్పు, మనసులో తప్పు కాదు. సెట్టింగుదేముంది, చిటికెలో మార్చేయొచ్చు. గార్డుని అక్కడే ఉండమని, బహుమతి తెచ్చినవాడిలా ఫోన్ చేత్తో పట్టుకుని మిగిలిన మెట్లు గబగబా దిగాడు.

బట్టల గదిలో గోడల పొడుగునా దుప్పట్ల దొంతరలు. మధ్యలో మిషన్ ముందు అక్క కూర్చుని ఉంది. జుట్టు సగం నెరిసింది. కళ్ళజోడు ముక్కు మీదికి జారింది. అతన్ని చూసి మిషన్ ఆపింది.

"ఏంటి, ఇటొచ్చావు?" అంది, దారి తప్పి వచ్చిన మనిషిని అడిగినట్టు.

"అక్కా, నువ్వు ఆ రోజు ఫోన్ కట్ చేయలేదు కదూ?" అన్నాడు రొప్పుతూ. "నేనూ చేయలేదక్కా! అదిగో ఆ మలుపులో తెగింది. బ్యాండు మారాల్సిన చోట మారలేదు. ఇదిగో చూడు, నీ కళ్ళతో నువ్వే చూడు" అని అంకెలు చూపిస్తూ, ఏది గోడ దూరుతుందో ఏది దూరదో గుక్క తిప్పుకోకుండా చెప్పాడు.

అక్క ఆ అంకెల వైపు చూడలేదు. అతని మొహమే చూస్తూ ఓపికగా చివరిదాకా విన్నది.

"అయితే, నేను కట్ చేయలేదని నీకు ఇవాళ ఆ ఫోన్ చెప్పిందా?" అంది.

టవరు చెయ్యి దించుకున్నాడు.

"మీ బావ పైన వార్డులో ఉన్నారు ఆ రోజు. ఊపిరి ఆడక ముందురోజే చేర్చాను. పొద్దున్నించీ నీ పేరే. వాణ్ణి రమ్మనవే, వాడన్నదాంట్లో తప్పేముంది, పాత కబుర్లు పాత కబుర్లే కదా అని ఒకటే పోరు. వార్డులో సిగ్నల్ అందదని కిందికొచ్చి నీకు చేశాను. ఈలోగా సూపర్వైజరు కేకేస్తే మాట్లాడుతూ మెట్లు దిగాను. పరువు అన్నావు. ఆ తర్వాత ఇంకేం వినపడలేదు."

"అదే అక్కా, తెగిపోయింది..."

"తెగిందో తెంపావో నాకేం తెలుసురా? వెంటనే పైకెక్కి గుమ్మం దగ్గర నిలబడ్డాను, అక్కడ బాగా అందుతుందని. కోపం తగ్గాక వాడే చేస్తాడులే, కట్ చేసినవాడే చేయాలి కదా అనుకున్నాను. అట్లాగే నిలబడ్డాను. పైనుంచి నర్సు మనిషిని పంపింది, తొందరగా రమ్మని." కళ్ళజోడు తీసి పైటతో తుడుచుకుంది. "వార్డులో అందదు కదా. నేనిటు వెళ్ళగానే నువ్వటు చేస్తే? ఆయన అడిగితే వస్తున్నాడని చెప్పాలి కదా. ఇంకొక్క నిమిషం చూద్దామని ఆగాను. వెళ్ళేసరికి మొహం మీద దుప్పటి కప్పేశారు."

టవరుకి ఆ మధ్యాహ్నం కళ్ళకి కట్టింది. బల్ల మీద ఫోన్, దాన్నే చూస్తూ తను. ఇక్కడ గుమ్మంలో ఫోన్ పట్టుకుని అక్క. రెండు ఫోన్లలోనూ గీతలన్నీ నిండుగా ఉన్నాయి. మలుపులో తెగింది ఒక్క కాలే. ఆ తర్వాత సాయంత్రం దాకా ఏ గోడా అడ్డం లేదు. ఒక్కసారి వేలు కదిపి ఉంటే బావ బతికి ఉండగా చేరేవాడో లేదో గానీ, అక్క మాత్రం ఆయన పక్కనుండేది. ఈ లెక్కకి ఏ సెట్టింగునీ అడ్డం పెట్టుకోవడానికి లేదు. దుఃఖం రెండేళ్ళు ఆలస్యంగా, ఒక్కసారిగా వచ్చింది. దుప్పట్ల దొంతర పట్టుకుని, చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు.

అక్క ఏడవనిచ్చింది. ఊరుకోరా అని అనలేదు, దగ్గరికీ రాలేదు. అతను మొహం తుడుచుకున్నాక ఒక స్టూలు కాలితో ఇటు జరిపింది. అతను కూర్చోలేకపోయాడు.

"ఆ మలుపు బాగుచేస్తానక్కా. ఇవాళే చేస్తాను" అన్నాడు.

అక్క చిరిగిన దుప్పటి అంచులు రెండూ కలిపి సూది కింద పెట్టుకుంది.

"చెయ్యి తమ్ముడూ. ఇంకెవరికన్నా పనికొస్తుంది" అంది.