చేతులకు పాలు

తునికాకు మీద కొలత రేకుముక్క పెట్టి, కంబన్న కత్తెరతో చుట్టూ కత్తిరించాడు. చిటికెడు పొగాకు పరిచి, చుట్టి, దారం కట్టి, కొన మడిచి చేటలో వేశాడు. ఇదీ వంకరే. నాగలక్ష్మమ్మ చుడితే అచ్చు పోసినట్టు ఉండేవి. ఆమె మంచం పట్టింది. బీడీలు ఇవ్వకపోతే కంపెనీ కార్డు తీసేస్తుంది. కార్డు పోతే బీడీ కార్మికుల ఆసుపత్రిలో ఆమెకు ఇచ్చే మందులు పోతాయి. అందుకే చీకటితోనే లేచి పెళ్లాం బీడీలు మొగుడు చుడుతున్నాడు. తాను మాత్రం జన్మలో బీడీ నోట పెట్టి ఎరగడు.

"పోయొస్తా" అన్నాడు లేచి.

"పాలు మర్సిపోవాకు" అంది ఆమె, కళ్లు తెరవకుండానే.

కర్నూలు శివార్లలోని పరిశోధన కేంద్రంలో, వల కట్టిన గదిలో టమోటా మొక్కలు సాకడం అతని కొలువు. ప్రొద్దుటూరు పిల్ల శ్రావణి అక్కడ డాక్టరేటు చేస్తోంది. తెగులు తగిలినప్పుడు మొక్క తనలోని ఒకే జన్యువును వేరే తీరుగా కత్తిరించి అతుక్కుంటుందట. ఆ తేడా పట్టుకోవాలంటే ఒక వరుసకు తెగులు అంటించాలి, రెండో వరుసను కంటికి రెప్పలా కాపాడాలి. కంబన్నకు ఇందులో అర్థమైంది కత్తిరించడం ఒక్కటే. అది తనూ రోజూ చేస్తున్నదే కదా.

గది వాకిట్లో ఒక స్టీలు గిన్నె ఉంటుంది. పొగాకులో ఈ తెగులు దాగి ఉంటుందని, పాలతో చేతులు కడిగితే మొక్కకు అంటదని, కడగనిదే లోపలికి రావద్దని ఆమె మొదటిరోజే చెప్పింది. రోజూ ఒక ప్యాకెట్టు తెచ్చి పెట్టేది. పాలతో చేతులు కడగడమా! ఇంట్లో మనిషికి పాలు తప్ప మరేదీ గొంతు దిగడం లేదాయె. ఆ కట్టుబాటు బీడీ తాగేవాళ్లకు లెమ్మనుకుని, సబ్బుతో కడుక్కుని, ప్యాకెట్టు సంచిలో వేసుకునేవాడు.

ఆ రోజు అతను వెళ్లేసరికి శ్రావణి రెండో వరుస ముందు మోకాళ్ల మీద కూర్చుని ఉంది. లేతాకుల నిండా పసుపు మచ్చలు.

"ఇవి బాగుండాల్సిన మొక్కలు కంబన్నా. పాలతోనే కడుగుతాండావు కదా?"

కంబన్న తన గోళ్లు చూసుకున్నాడు. అంచుల్లో పొగాకు నలుపు. చెబితే పాలు పోతాయి, పనీ పోతుంది. చెప్పకపోతే ఈ పిల్ల మళ్లీ మొక్కలు పెంచుతుంది, అవీ చస్తాయి.

"లేదు మేడమ్. పాలు ఇంటికి తీస్కపోతాండా. మా ఆడమనిసికి అవే దిగుతాండాయి. ఆమె బీడీలు నేనే సుడతాండా."

"ఏడాది పని" అందామె. తిట్టి ఉంటే బాగుండేది. ఇక పోల్చడానికి మంచి వరుస లేదు గనక, ఇద్దరూ కలిసి రెండు వరుసలూ పీకి, కాల్చేయడానికి గోతాల్లో కుక్కారు. కంబన్నకు సిగ్గూ వేయలేదు, ఏడుపూ రాలేదు. చేతులు మాత్రం పని చేసుకుంటూ పోయాయి.

"రేపట్నుంచి నువ్వు మొక్కలు ముట్టుకోవద్దు" అంది శ్రావణి. అతను సంచి తీసుకుంటుంటే ఆనాటి ప్యాకెట్టు తెచ్చి అందులో పెట్టింది. "తీస్కపో. ఈపొద్దు గిన్నెతో పనిలేదు."

ఇంటి గడప మీద పక్కింటి సుంకులమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుని ఉంది.

"నీళ్లు ఇద్దామని వస్తి అన్నా. వదిన పలకల్యా. ఎప్పుడు పోయిందో ఏమో."

కంబన్న చెప్పులు విడిచాడు.

"పాలుంటే నోట్లో రెండు సుక్కలు పొయ్యన్నా."

అతను ప్యాకెట్టు మూల కొరికి, ముందు తన చేతుల మీద పోసుకున్నాడు. గోళ్ల సందులు కూడా రుద్ది రుద్ది కడిగాడు. పాలు గడప మీదుగా కారి వీధిలోకి పోతుంటే సుంకులమ్మ నోరు తెరుచుకుని చూసింది. అప్పుడు లోపలికి పోయి, భార్య గడ్డం పట్టుకుని, మిగిలిన పాలు పోశాడు. అవి పెదవి చివర నుంచి దిండు మీదికి జారాయి.

మంచం పక్కన చేట ఉంది. అందులో పొద్దున తాను చుట్టిన వంకర బీడీల మధ్య ఒకటి అచ్చు పోసినట్టు తీరుగా ఉంది. కొన మాత్రం ఇంకా మడవలేదు.