పేరు లేని సీసా

"సుమనా, పదిహేను వందల అయిదు!"

నర్సు శైలజ తూకం యంత్రం దగ్గరి నుంచే కేకేసింది. నిన్న పొద్దున పద్నాలుగు వందల డెబ్బయి అయిదు. ఒక్క రోజులో ముప్పై గ్రాములు. ముప్పై గ్రాముల పల్లీలు చేతిలో పోస్తే గుప్పెడైనా నిండదు. కానీ ఏడు నెలలు దాటీ దాటకముందే పుట్టి, గద్వాల పెద్ద దవాఖానలో పందొమ్మిది రోజులుగా గాజుపెట్టెలో పడుకున్న పిల్లకు అది చాలా బరువు. సుమనకు నవ్వు ఆగలేదు.

శైలజ పిల్ల ముక్కులో పాల కోసం పెట్టిన సన్నగొట్టాన్ని మెల్లగా తీసేసింది. బుగ్గకు అంటించిన ప్లాస్టరు ఊడగానే దాని కింద ఇన్నాళ్లూ దాక్కున్న చిన్న సొట్ట బయటపడింది.

"ఇయ్యాల్టి సంది ఉగ్గుగిన్నెతోని పాలు పోద్దాం. తల్లుల గదిల నీ రొమ్ము మీదనే పండుకుంటది."

మొదటి చుక్కను పిల్ల నాలుక కొసతో నాకింది, మింగింది, తుమ్మింది.

"తుమ్మింది సిస్టర్! చూసినవా, తుమ్మింది!"

"చూసిన. గదిగూడ రిజిస్టరుల రాయమంటవా ఏంది?" అని శైలజ నవ్వింది.

అద్దం అవతల నిలబడ్డ అత్త జములమ్మ మాత్రం నవ్వలేదు. ఆమె రోజూ మొదటి బస్సుకు వచ్చి ఆ అద్దం దగ్గరే నిలబడేది. పిల్ల కాలి పట్టీ మీది నంబరును కొంగులో దాచుకున్న చీటీతో పూటకోసారి సరిచూసుకునేది. ఖాళీ సీసాలను వాసన చూసేది. ఊడ్చే ఆమెను పక్కకు పిలిచి లోపల ఏం జరుగుతోందో ఆరా తీసేది.

మల్దకల్ దగ్గర వాళ్లకు రెండెకరాల సీడు పత్తి, కంపెనీకి విత్తనాల కోసం వేసే పత్తి, ఉంది. ఆ చేలో ఆడ సాళ్ల పూలకు మగ సాళ్ల పుప్పొడి మాత్రమే తగలాలి. పొద్దున్నే కూలీలు ఒక్కో పువ్వుకూ చేత్తో రాస్తారు. వేరే చేని పుప్పొడి కలిస్తే పరీక్షలో గింజ ఫెయిలవుతుంది, కంపెనీ వాళ్లు పంటను ముట్టుకోరు. ఇరవై ఏళ్లుగా ఆ సాళ్లకు కాపలా కాసిన కళ్లు జములమ్మవి. ఆమె లెక్కలో కలిసింది ఏదైనా చెడిపోయినట్టే.

సుమన పిల్లతో తల్లుల గదిలోకి రాగానే జములమ్మ వచ్చి మంచం అంచున కూర్చుంది.

"ముందుగాల పది దినాలు నీకు పాలే రాకపాయె. మిషన్ పెట్టుకుంటే సీస అడుగు గూడ తడవకపాయె. మరి పిల్ల ఎట్ల పెరిగె?"

 సుమన జాకెట్టు లోపల ఒదిగిన పిల్లను ఇంకాస్త దగ్గరికి తీసుకుంది. పక్కనే ఉన్న శైలజ ఇంకా సంతోషంలోనే ఉంది. సుమన అత్త దగ్గర ఒక మాట దాచిందని ఆమెకు తెలియదు.

"అప్పుడు మన పాల బ్యాంకే ఆదుకుందమ్మా. ఎక్కువున్న తల్లులు ఇచ్చిపోతరు. పరీక్ష చేసి, కాచి, ఫ్రిజ్జుల పెడతం. పిల్లకు పోయమని సుమన సంతకం పెట్టింది గద! ఇప్పుడు ఈమె పాలే మిగులుతున్నయి."

శైలజ ఇంకో మంచం వైపు వెళ్లేదాకా జములమ్మ కదల్లేదు.

"ఎవరి పాలు?"

సుమన పిల్ల వీపు నిమిరింది.

"నిన్నే. నా మనుమరాలికి ఎవరి పాలు పోసిన్రు?"

"సీసకు పేరుండది అత్తా. నంబరే ఉంటది."

"చెప్పుకోరాని పేరైతేనే రాయరు."

ఆమె చూపు పక్క మంచం మీదికి పోయింది. అక్కడ సుప్రియ తన మగపిల్లాణ్ణి ఎదమీద పడుకోబెట్టుకుని ఉంది. సుప్రియది వాళ్ల ఊరే, చర్చి వాడ. రెండేళ్లు జములమ్మ చేనులోనే పూలకు పుప్పొడి రాసింది. చేను గట్టున ఆమె తాగే చెంబు వేరుగా ఉండేది.

"నీ పాలేనా పిల్లా?"

"నాకేం తెలుసు పెద్దమ్మా? మిగిలినయి ఇచ్చిన. ఎవలు తాగిన్రో తెల్వదు." సుప్రియ కొడుకు టోపీ సర్దుతూ నవ్వింది. "మీ చేన్ల పూలకు రాసిన చేతులు గివే గద. రెండేండ్లు గింజ పాసే అయ్యె. ఎవరి చేతులని కంపెనోళ్లు అడగనే లేదు."

"బాగ మాటలు నేర్చినవ్! చేనూ పిల్లా ఒకటేనా?"

జములమ్మ సంచి ఒళ్లోకి తీసుకుంది. మూడు రోజులుగా ఆమె ఆ సంచి మూతిని విప్పడం లేదని సుమన గమనిస్తూనే ఉంది. అందులోంచి వెండి ఉగ్గుగిన్నె వచ్చింది. తర్వాత ఒక చిన్న నీళ్ల బాటిల్, నిండా పాలతో.

"మన ఎర్రావు పాలు. రోజు తెస్తున్న. ఇన్ని దినాలు గొట్టముండె, నాకు సందు దొరకలే. రెండు గుటకలు పోస్త. ఇగ ఈడి పాలు బంద్. ఇంటికి తీస్కపోదాం, నీ మొగడు నాగేశ్ జీపు తెస్తుండు."

సుమన చేయి అడ్డం పెట్టింది. "పద్దెనిమిది వందల గ్రాములు దాటినంకనే పంపుతమన్నరు. ఇంత చిన్న పేగుకు ఆవుపాలు పడయి. ఇప్పుడు తాగిన దాంతోనే తలకాయ పెరగాలె, చూపు నిలవాలె. పెద్దగైనంక వచ్చే రోగాలకు గూడ ఇప్పటి తిండితోని సంబంధం ఉంటదట."

"చిలక పలుకులు పలకకు."

"మొలకప్పుడు ఎండిన పత్తికి పూతకాలంల ఎంత యూరియా ఏస్తే ఏం ఫాయిదా అని నువ్వే అంటవ్ గద అత్తా!"

"ఆవుపాలకు ఏమైతదే? నాగేశ్ కన్న ముందు నాకొకడు పుట్టె. వాడూ ఏడో నెలనే. ముర్రుపాలు చెడ్డయని పిండి పారబోయించిన్రు. మా అత్త ఆవుపాలే పోసె..."

ఆమె అక్కడ ఆగింది.

"పోస్తే?"

"మూడు దినాలకు కడుపు ఉబ్బె, పాణం పాయె. గాలి సోకిందన్నరు."

"ఏ గాలి అత్తా?"

జములమ్మ చేతిలోని బాటిల్ వైపు చూసింది. తర్వాత సుమన వైపు, సుప్రియ వైపు. "అందరు గాలే అన్నరు" అంది మళ్లీ. కానీ మూత తిప్పబోయిన వేళ్లు మూత మీదే నిలిచిపోయాయి.

ఫోన్ మోగింది. కింద నుంచి నాగేశ్. "జీపు వచ్చింది. తీస్కపోతమని సంతకం పెట్టాలెనట. నువ్వొక్కసారి దిగు."

"జీపును పంపించెయ్. నేను పెట్ట. నువ్వు గూడ పెట్టకు."

"అమ్మ ఏమంటదో..."

"అమ్మ ఈడనే ఉంది. అడుగు."

సుమన ఫోన్ చాపింది. జములమ్మ అందుకోలేదు. నాగేశ్ "హలో, హలో" అంటూనే ఉన్నాడు. కాసేపటికి ఫోన్ ఆగిపోయింది. జాకెట్టు లోపల పిల్ల ఆవులించింది.

సుమన దిండు పక్కన పొద్దున పిండిన రెండు సీసాలున్నాయి. ఒకటి పిల్లకు సరిపోతుంది.

"సిస్టర్!" అని పిలిచింది. "రేపు పొద్దున ఆరింటికి నన్ను పాల బ్యాంకుకు తీస్కపో. రక్తం పరీక్ష చేయించుకుంట, సంతకం పెడత. మిగిలినయి ఆడనే ఇస్త."

జములమ్మ ఉలిక్కిపడింది. "ఎవరి పిల్లకు పోస్తరే?"

"తెల్వదు అత్తా. నా సీసకు గూడ పేరుండది."