గంజి తాగిన అంచు

నేను ఒక అలమారా తలుపును. తణుకు బస్టాండు దగ్గర ఒక టిఫిను హోటల్లో, చేతులు కడుక్కునే సింకు కింద ఉంటాను. ఆకుపచ్చ రంగు. మీరు ఇడ్లీ తినేసి వచ్చి చేతులు విదిలిస్తే ఆ చుక్కలు పడేది నా మొహం మీదే. ఫరవాలేదు, అలవాటైపోయింది.

నన్ను అందరూ చెక్క అంటారు. మర్యాదకు ఊరుకుంటాను గానీ నిజానికి నేను పీచును. సరుగుడు, జామాయిలు దుంగలను పీచు పీచు చేసి, జిగురు కలిపి, వేడి మీద గట్టిగా అదిమితే పుట్టాను. అప్పుడు నా మొహం ఎంత నున్నగా ఉండేదో! అది చూసుకుని కొన్నాళ్ళు మిడిసిపడ్డాను కూడా. వడ్రంగి భూషణం రంపంతో కొలతకు కోశాక గానీ నా సంగతి నాకు తెలియలేదు. కోసిన చోటల్లా పీచు నోరు తెరుచుకుంది. నీళ్ళు తగిలితే తాగేస్తాను, తాగితే ఉబ్బుతాను, ఉబ్బితే ఇక చెత్తకుప్పే. నాకు ముందు ఇదే సింకు కింద ఉన్న తలుపు అలాగే పోయిందట.

భూషణం నన్ను తీసుకెళ్ళి, తనకు వదిన వరసైన సుభాషిణి ఇంటి వరండాలో ఆనించాడు.

"వదినగారూ, ఈ తలుపు వానాకాలం గట్టెక్కిందంటే నా రంగుల పనంతా మీకేనండి. ఉబ్బిందంటే మాత్రం నన్నేం అనుకోవద్దు" అన్నాడు.

సుభాషిణి అప్పటిదాకా తన ఇంటి కిటికీలకూ పూలకుండీలకూ తప్ప రంగు వేసి ఎరగదు. బయటి పని ఇదే మొదటిది. తనకంటూ ఒక పని ఉండాలని ఆవిడకు ఎంత ఆశో, బ్రష్షు పట్టుకున్న తీరులోనే తెలిసిపోయింది. పాపం, తిన్నగా రంగే వేసింది. నా మొహం మెరిసింది. అంచులు మాత్రం వేసిన రంగు వేసినట్టే తాగేసి, పిల్లి నాలుకలా గరుగ్గా మిగిలాయి. మళ్ళీ వేసింది, మళ్ళీ తాగాను. ఆవిడ తల పట్టుకుని కూర్చుంటే నాకు సిగ్గేసింది. కావాలని చేస్తున్నానా చెప్పండి!

అత్తగారు బుల్లెమ్మగారు అక్కడే నేతచీరలకు గంజి పెడుతున్నారు. చీర పిండుతూ నా వైపు చూశారు.

"ఏంటమ్మాయ్, ఎంత పూసినా పీల్చేత్తందా? కొత్త చీరా అంతే కదా. గంజి పట్టించెయ్."

అత్తగారి మాట కాదనడం ఎలాగో సుభాషిణికి తెలియదు. పైగా వేరే దారీ తోచలేదు. నా అంచులకు చిక్కటి గంజి పట్టించారు. అబద్ధమెందుకు, నాకు బాగానే ఉంది. అంతవరకూ నన్ను కూర్చోబెట్టి అన్నం పెట్టినవాళ్ళు లేరు. ఎండేసరికి అంచు బిగిసింది కూడా. బుల్లెమ్మగారి మొహం వెలిగిపోయింది.

తెల్లారేసరికి నా చుట్టూ చీమలు బారులు కట్టాయి. వాటిని తుడుద్దామని సుభాషిణి తడిగుడ్డ పెట్టేసరికి గంజి కాస్తా కరిగి గుడ్డకు అంటుకొచ్చింది.

"బియ్యం మంచివి. చీమలకి తెలిసిపోయింది" అన్నారు బుల్లెమ్మగారు, ఏమాత్రం తగ్గకుండా.

సుభాషిణి పకపకా నవ్వేసింది. నవ్వుతూనే గరుకు కాగితం తీసుకుని నా అంచులను రుద్దసాగింది. రుద్దుతూ రుద్దుతూ ఆగిపోయింది. అత్తగారు చెప్పిన పద్ధతి సరైనదే, కరిగిపోయే సరుకే తప్పు అని అప్పుడు తట్టిందావిడకు. భూషణం దగ్గర నుంచి తడికి లొంగని జిగురు తెప్పించి, గంజిలాగే పల్చగా కలిపి పట్టించింది. తాగాను. ఆరాక గరుకు కాగితంతో రుద్ది, ఈసారి కొంచెం చిక్కగా పట్టించింది. అదీ తాగాను. అలా వేలు పెడితే జారిపోయేదాకా వదల్లేదు. నా దాహం తీరింది. ఇక తాగమన్నా తాగలేను.

రంగు డబ్బా మూత తీస్తుంటే బుల్లెమ్మగారు మళ్ళీ వచ్చారు.

"కిందంచు వదిలేసేవేంటమ్మాయ్?"

"నేలవైపు కదండీ అత్తయ్యగారూ, ఎవరు చూత్తారు?"

"నీళ్ళు చూత్తాయి. కుచ్చిళ్ళు లోపలికెళ్ళిపోతాయని చీరకి అక్కడ గంజి మానేత్తామా?"

సుభాషిణి నన్ను తలకిందులు చేసి కిందంచుకూ అంతా మొదటినుంచీ చేసింది. ఆ తరువాతే రంగు.

హోటల్లో నాకేం కాచుకుని ఉందో వచ్చిన రోజే తెలిసింది. కట్టేసే ముందు బకెట్లకొద్దీ నీళ్ళు గుమ్మరించి నేల కడుగుతారు. ఆ నీళ్ళు పాక్కుంటూ మొదట వచ్చేది నా కిందంచు దగ్గరకే. అవి వచ్చాయి, తడిమాయి, దారి దొరక్క వెళ్ళిపోయాయి. వానలన్నీ అలాగే గడిచాయి.

వానలు వెనకబట్టాక భూషణం వచ్చి, కింద కూర్చుని నన్ను నొక్కి చూసి, నవ్వుకుంటూ వెళ్ళాడు. మర్నాడే సుభాషిణి వరండా నిండా రంగు వెయ్యాల్సిన కొత్త పలకలు దింపాడట. ఈ సంగతి ఆ అత్తాకోడళ్ళే ఒకరోజు ఈ హోటలుకొచ్చి పెసరట్టు తింటూ చెప్పుకున్నారు.

తిన్నాక బుల్లెమ్మగారు చేతులు కడుక్కుని, అటూ ఇటూ చూసి, మోకాళ్ళు పట్టుకుని వంగారు. తడి వేలితో నా కిందంచు ఈ చివర నుంచి ఆ చివరకు తడిమారు.

"రాయిలా ఉంది. చూసేవా, నా గంజి మహిమ!"

"అవునండీ అత్తయ్యగారూ" అంది సుభాషిణి, ఆవిడను చెయ్యి పట్టి లేపుతూ.

ఆ గంజి ఒక్క చుక్క కూడా నాలో మిగల్లేదని సుభాషిణికి తెలుసు, నాకూ తెలుసు. అయినా ఆ వేలు తగిలినంతసేపూ పెద్దావిడ చెప్పిందే నిజమనిపించింది నాకు.