ఒక గొంతు, ఇద్దరు మనుషులు

"పలికినోడు ఒకడే! రెండుసార్లు పలికినాడు!"

ముత్యాలయ్య కేకకు క్లాసు మొత్తం గుమ్మం వైపు తిరిగింది.

అతను కృష్ణపట్నం దగ్గర సముద్రం మీద చేపల వేట చేసే మనిషి. ఆ ఏడు, అంటే అరవై రెండులో, కొడుకు మాలకొండయ్యకు రెండు చోట్ల సీటొచ్చింది. ఒకటి నెల్లూరులో చిన్న కాలేజీ. అక్కడి మేష్టర్లకు పిల్లలందరి పేర్లూ నోటికొచ్చు. "అదేం కాలేజీ, వీధిబడి" అని కొడుకు పెదవి విరిచేవాడు. వాడి మనసంతా ఈ మహానగరంలోని పెద్ద యూనివర్సిటీ మీదే. "ఒక్కసారి చూడు నాయనా, నీకే తెలుస్తాది" అంటూ తండ్రిని రైలెక్కించాడు.

ఇద్దరూ గుమ్మంలో నిలబడి చూస్తుండగా లెక్చరర్ హాజరు తీసుకున్నాడు. పేర్లు కాదు, నంబర్లు. వెనక బెంచీ కుర్రాడు తన నంబరుకు పలికాడు. కాసేపటికి గొంతు మార్చి ఇంకో నంబరుకూ పలికాడు.

ముత్యాలయ్య వాళ్ల ఊళ్లో పడవలు ఒడ్డుకు రాగానే పడవలను నడిపించే పెద్ద తండేలు ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలుస్తాడు. ఎవరికి వారే పలకాలి. ఒక్క గొంతు వినబడకపోయినా పడవలు మళ్లీ నీళ్లలోకి పోతాయి. లేనివాడి బదులు పలకడమంటే వాణ్ణి సముద్రానికి వదిలేయడమే.

"ఆ రెండోవాడు యాడ?"

క్లాసు గొల్లుమంది. "సినిమాకు పోయుంటాడులే పెద్దాయనా!"

"పద నాయనా, పరువు పోతా ఉంది" అని మాలకొండయ్య తండ్రి చెయ్యి లాగాడు.

"ఉండ్రా! చెప్పబ్బయా, వాణ్ణి ఎప్పుడు చూసినావు?"

వెనక బెంచీ కుర్రాడి నవ్వు ఆగిపోయింది. "నిన్న... కాదు. ఆదివారం ఒంట్లో బాగాలేదన్నాడు. ఆ తర్వాత..."

ఆ రోజు బుధవారం. లెక్చరర్ పుస్తకం మూసేశాడు.

హాస్టల్లో ఆ రెండోవాడి గది లోపల గడియ వేసి ఉంది. ఎంత బాదినా పలుకు లేదు. మాలకొండయ్యే భుజంతో తలుపు బద్దలుకొట్టాడు. బోర్లాపడిన కూజా పక్కనే ఆ కుర్రాడు, ఆనందబాబు, నేలమీద పడి ఉన్నాడు. ఒళ్లు పెనంలా కాలుతోంది. ఊపిరి మాత్రం ఆడుతోంది.

ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించాక, సాయంత్రానికి కళ్లు తెరిచాడు. పక్కనున్న వెనక బెంచీ స్నేహితుణ్ణి గుర్తుపట్టి, పగిలిన పెదవులు కదిలించాడు.

"నా అటెండెన్స్ పడిందా?"

"పడిందిరా. ఒక్కరోజూ పోలేదు."

ఆనందబాబు నిశ్చింతగా కళ్లు మూసుకున్నాడు.

మాలకొండయ్య గోడకు చేరగిలబడ్డాడు.

"నాయనా, నెల్లూరులోనే చేరతా."

"ఈడే బాగుందంటివి గదరా?"

కొడుకు చూపు ఇంకా ఆ మంచం మీదే ఉంది.