సర్ ఎడ్మండ్ భార్య

కూతురు ఇషా వేసుకోబోయే కోటు కాలరుకి ప్రమోద లేసు కుడుతోంది. శుక్రవారం స్కూల్లో పిల్లలంతా చరిత్రలోని మనుషుల వేషాలు వేసుకుని, అమ్మానాన్నల ముందు ఆ మనిషి కథ చెప్పాలి. ఇషాకి చీటీలో వచ్చినవాడు సర్ ఎడ్మండ్ వెల్బీ. ఎప్పుడో ఇంగ్లండులో రెండో ఛార్లెస్ రాజు కొలువులో ఉంటూ, పార్లమెంటులోనూ కూర్చున్నవాడట.

"పొద్దున్నే కింగ్‌కి షర్ట్ అందించడం ఆయన జాబ్, డాడీ. చాలా పెద్ద ఆనర్, తెలుసా?" అంది ఇషా.

రవికాంత్ లాప్‌టాప్ మూసి మరీ విన్నాడు. రాజుకి అంత దగ్గరగా మసలడమంటే మాటలు కాదన్నాడు. దానికే వెల్బీకి జీతం, భూములు, చరిత్ర పుస్తకంలో చోటూ దక్కాయి.

ప్రమోదకి అందులో తప్పేమీ కనిపించలేదు. గుడిలో స్వామికి వస్త్రం అందించే చేతులకి తనూ దణ్ణం పెడుతుంది. సేవ గొప్పదే. మరి పెళ్ళయిన నాటి నుంచీ భర్తకి ఇస్త్రీ చొక్కా, లంచ్ డబ్బా అందిస్తూ, ఆయన కారు కదలడానికి ముందే డ్రైవ్‌వేలో మంచు ఎత్తిపోస్తున్న చేతుల మాటేమిటి? మొన్న స్నేహితుడు పవన్ వాళ్ళింట్లో ఎవరో మీ మిసెస్ ఏం చేస్తారని అడిగితే, రవికాంత్ "నథింగ్, ఇంట్లోనే" అన్నాడు. అత్తగారైతే ఫోన్లో, "నీకేమ్మా, అన్నీ మిషన్లే చేసి పెడతాయి" అంటుంది. ఇద్దరికీ తనంటే కోపం లేదు, అయినా అలా అనేస్తారు. ప్రమోదకి అంతుపట్టనిది అదే.

వెల్బీ లండన్‌లో కూర్చుంటే ఊళ్ళో పొలాలనీ పిల్లల్నీ ఎవరు చూశారని ఆమె అడిగింది. ఇషా పేజీలు తిరగేసింది. పెళ్ళయిందనీ, పదకొండుమంది పిల్లలనీ ఒక్క ముక్క ఉంది. భార్య పేరైనా లేదు. టీచరేమో ఫ్యామిలీ గురించి కూడా చెప్పమంది.

"ఏముంది తల్లీ, వైఫ్ ఇంట్లో ఉండేదని రాసెయ్," అన్నాడు రవికాంత్.

ఇషా పెన్సిల్ ఆపి తల్లి వైపు చూసింది. ఆ చూపులో ఎగతాళి లేదు.

"అంటే ఏమీ చెయ్యలేదా, మమ్మీ? లైక్ యూ?"

ప్రమోద చేతిలో సూది ఆగింది. ఈ పిల్ల ఇవాళ వెల్బీ భార్య గురించి నమ్మినదే, రేపు పెద్దయ్యాక తన గురించి కూడా నమ్ముతుంది.

"అలా రాయకు," అంది నెమ్మదిగా. "ఆవిడ ఏం చేసిందో ఎవరూ అడగలేదని రాయి."