గుర్తుల గడి

"అక్కా, నీలం డ్రమ్ము ఇల్లు ఎక్కడ?"

మంగళవారం పొద్దున పది గంటలు. మాణికేశ్వర్ నగర్ మూడో గల్లీలో నల్లా దగ్గర బిందె పట్టుకుంటున్న అమల తల కూడా ఎత్తకుండా చెయ్యి చూపించింది.

"గాడ, మూల తిరిగినంక ఎడమ దిక్కు రెండోది."

"థ్యాంక్స్ అక్కా" అని ఆ మనిషి సాగిపోయాడు. బూడిదరంగు చొక్కా, మెడలో కార్డు, చేతిలో ట్యాబ్.

బిందె నిండి పొర్లింది. అమల నల్లా కట్టెయ్యలేదు.

ఆ ఇల్లు అమృతమ్మది. బస్తీలో అందరికీ అది అమృతమ్మ ఇల్లే, ఎవరూ నీలం డ్రమ్ము ఇల్లు అనరు. అసలు ఆ డ్రమ్మే ఇప్పుడు లేదు. ఎండాకాలంలో పగిలిపోతే పాత సామాన్లవాడికి వేసేసింది. ఆ పేరు ఈ లోకంలో ఒక్కచోటే ఉంది. మార్చి నెలలో అమల తన చేత్తో నింపిన ఫారంలో.

బిందె అక్కడే వదిలేసి అతని వెనకాల నడిచింది.

అతను అమృతమ్మ తలుపు ఫోటో తీశాడు. ద్వారబంధం మీద నంబరున్న చిన్న స్టిక్కరు అతికించాడు. నాలుగిళ్లు దాటేసి ఐదో ఇంటి ముందు ఆగాడు. మళ్లీ ఫోటో, మళ్లీ స్టిక్కరు. ఆ తర్వాత రెండిళ్లు వదిలి ఇంకోటి. అరగంటలో ఏడిళ్లు. ఏడింటి ఫారాలూ అమలకు కళ్ల ముందు కదిలాయి. పదిహేడో ప్రశ్న, ఇంటికి పట్టా కాగితం ఉందా? ఏడింటిలోనూ ఒకటే జవాబు. లేదు.

ఆ సర్వే ఆలోచన యూనివర్సిటీలో ఎకనామిక్స్ చెప్పే ప్రభుదాసు సారుది. బస్తీ పేదరికాన్ని బయటివాళ్లు కాదు, బస్తీవాళ్లే లెక్క రాయాలి, ఆ లెక్క మీదే పనుల ప్రణాళిక తయారు కావాలి అని ఆయన పట్టుదల. పన్నెండు మంది ఆడవాళ్లు, వాళ్లకు పెద్ద అమల. ఆరువందల పన్నెండు ఇళ్లు. ఎవరి ముందు మోరీ పొంగుతోంది, ఎవరి పిల్ల బడి మానేసింది, ఏ ముసలమ్మ పింఛను ఆగిపోయింది, అన్నీ రాశారు.

ఇంటి కాగితం దగ్గరికి వచ్చేసరికి మాత్రం జనం తడబడ్డారు. లేనివాళ్లు కూడా ఉందన్నారు. అప్పుడు అమల అందరి ముందూ తన ఫారం తనే నింపి చదివింది. "కాగితం లేదు. గట్లనే చెప్పుండ్రి. అబద్ధం చెప్తే మన కష్టం లెక్కలకు ఎక్కదు. లెక్కకు ఎక్కకపోతే ఏ పనీ రాదు." ఆ మాట నమ్మి వెనక వరసలో మరో నూట నలభై రెండు ఇళ్లవాళ్లు నిజం చెప్పారు.

పని వచ్చింది కూడా. మూడో గల్లీ నల్లా ఆ లెక్క చూసి వేసిందే. వెనక వరసకు మోరీ మంజూరైంది, వచ్చే నెల తవ్వకం. అందుకే బస్తీలో అమల మాటకు అంత విలువ. ఇప్పుడు ఆమె భయం కూడా అందుకే.

వెనక వరస ఇళ్లకు నంబర్లు లేవు. తనిఖీకి మళ్లీ వెళ్తే ఇల్లు దొరకాలి గదా అని ఫారం చివర 'గుర్తు' అని ఒక గడి పెట్టించింది అమలే. నీలం డ్రమ్ము. రెండు మెట్లు. కుంటి మేక.

బస్తీకీ క్యాంపస్‌కీ మధ్య ఒక గోడే అడ్డం. పావుగంటలో అమల ప్రభుదాసు గదిలో ఉంది. చెట్ల కింద పోటీ పరీక్షల పుస్తకాలతో కూర్చున్న పిల్లలు, ఎండలో మెరుస్తున్న రాతి మెట్లు, ఏవీ ఆమెకు కనపడలేదు.

ప్రభుదాసు గుంటూరు వైపు మనిషి. ముప్పై ఏళ్లుగా తార్నాకలోనే కాపురం. ఆమె చెప్పింది విని నెమ్మదిగా తల అడ్డంగా ఊపాడు.

"పేర్లు తీసేసే ఇచ్చామమ్మా. నేనే దగ్గరుండి తీయించాను. ఆధార్ లేదు, ఫోన్లు లేవు. ప్రణాళిక ఆఫీసుకి వెళ్లింది ఉత్త అంకెలు."

"ఆ ఫైలు ఒక్కసారి తెరువుండ్రి సార్."

తెరిచాడు.

"కుడి దిక్కు జరుపుండ్రి. ఇంకా. ఆఖరుకు."

తెర మీద ఆఖరి గడిలో వరసగా కనిపించాయి. నీలం డ్రమ్ము. రెండు మెట్లు. కుంటి మేక. చర్చి మైకు ఎదురుగా. కరివేపాకు చెట్టు.

ప్రభుదాసు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "ఏవో రిమార్కులనుకున్నాను."

"మాకు గదే పేరు సార్. మీరు పేరు తీసేసి పేరు ఉంచిన్రు."

ఆయన రెండు ఫోన్లు చేశాడు. రెండోది పెట్టేసరికి మొహం పాలిపోయింది. ఫైలు ప్రణాళిక ఆఫీసు నుంచి ఇంకో విభాగానికి చేరింది. వెనక వరస మీదుగా రోడ్డు అనుకుంటున్నారు. కాగితం లేని ఇళ్లు ముందు ఖాళీ చేయిస్తే అడ్డు తీరుతుంది. ఇళ్లు గుర్తించే పని ఒక ప్రైవేటు కంపెనీకిచ్చారు, గడువు శుక్రవారం. శనివారం తనిఖీ. సోమవారం నోటీసులు.

"ఆపలేమా సార్?"

"ఉత్తరం రాస్తాను. అది చదివే మనిషి దొరికేసరికి సోమవారం వెళ్లిపోతుంది."

"తనిఖీ ఎట్ల చేస్తరు?"

"మనలాగే. పది ఇళ్లకు ఒకటి తీసి చూస్తారు. రెండిళ్ల కంటే ఎక్కువ తేడా వస్తే ఫారాల కట్ట మొత్తం పక్కన పడేస్తారు. ఆ పద్ధతి వాళ్లకి రాసిచ్చింది నేనే." ఆయన నవ్వబోయి ఆగిపోయాడు.

అమలకు ఆ పద్ధతి బాగా తెలుసు. తన బృందంలో ఒకమ్మాయి ఇంట్లో కూర్చుని నింపిన నలభై ఫారాలను ఆ లెక్క మీదే తనే చింపేసింది. కిటికీ వైపు తిరిగి కొంగు సర్దుకుంది.

"ఏం ఆలోచిస్తున్నావమ్మా?"

"ఏం లేదు సార్. మీరు ఉత్తరం రాయుండ్రి."

బుధవారం ఫోను వచ్చింది. బూడిద చొక్కా అతనే, పేరు కుమార్. తార్నాక చౌరస్తాలో మెట్రో కింద ఇరానీ హోటల్‌కు రమ్మన్నాడు. చాయ్ తెప్పించి తన గోడు వెళ్లబోసుకున్నాడు.

"అరవై ఒకటి దొరికినయక్కా. ఇంక ఎనభై రెండు. కుంటి మేకను అమ్మేసిన్రంట. వేపచెట్టు కొట్టేసిన్రంట. రెండు మెట్లోడు మూడో మెట్టు కట్టుకున్నడు. ఇంక నేనేం దేవులాడాలె? రాసింది నువ్వేనంట గదా. వచ్చి చూపియ్, వెరిఫికేషన్ సంతకం పెట్టు."

"పెట్టకపోతే?"

"వెనక వరస మొత్తానికి స్టిక్కర్లు కొట్టుకుంట పోతా. నీ ఇల్లు గూడ అండ్లనే ఉన్నది. కరివేపాకు చెట్టు." బన్ను చాయ్‌లో ముంచుతూ అన్నాడు. బెదిరింపు అనిపించలేదు. ఊళ్లో వాన పడుతోందని చెప్పినట్టు చెప్పాడు.

అమల కప్పు రెండు చేతులతో పట్టుకుంది. "నా ఇల్లు తీసేస్తవా?"

కుమార్ మొహం విప్పారింది. బేరానికి దిగిన మనిషిని నమ్మొచ్చని అతని లెక్క. "నా కండ్ల పడలేదనుకో."

"రేపు పొద్దుగాల వస్త."

అక్కడి నుంచి ఆమె నేరుగా బిక్షం దుకాణానికి వెళ్లింది. బిక్షం బస్తీ సంఘం అధ్యక్షుడు. ముందు వరసలో కిరాణం. ముందు వరసవాళ్లకు పట్టాలున్నాయి, పట్టాలతో పాటు కొంచెం మిడిసిపాటు కూడా ఉంది. అమల చెప్పిందంతా విని అతను తక్కెడ పక్కకు నెట్టాడు.

"అంటే వాళ్ల గుర్తులకు మా ఇండ్లు చూపిస్తవన్నట్టు."

"అవునన్నా. వాళ్లు తనిఖీకి వస్తరు, మీరు కాగితం చూపిస్తరు. లెక్క తప్పయితది. కట్ట మొత్తం పోతది."

"మా మోరీలకు నీళ్లు వదిలి పదేండ్ల సంది లొల్లి పెట్టుకునేటోళ్ల కోసం నా తలుపుకు స్టిక్కరా? శానా మంచిగున్నది."

"నీ తాన పట్టా ఉన్నదా లేదా?"

"మా నాయిన పేరు మీద ఉన్నది."

"ఇంక నీకేం భయం?"

"భయం నీ మాటతోనే చెల్లె. మార్చిల నిన్ను నమ్మి ఉన్నదున్నట్టు చెప్పినోళ్ల గతి చూస్తలేనా?"

అమల గుమ్మం పట్టుకుని అంది, "నిజమే అన్నా. తప్పు నాదే. కానీ వెనక వరస లేసిపోతే నీ తాన ఉప్పు పాకిట్ ఎవరు కొంటరు? రోడ్డు ఒక్క వరసతోనే ఆగుతదని ఎవరన్న రాసిచ్చిన్రా?"

బిక్షం తక్కెడ మళ్లీ ముందుకు లాక్కున్నాడు.

"యూనివర్సిటీకి పోయి నోరు మంచిగ నేర్చినవ్. ఎనభై రెండిండ్లకు నేను చెప్పుకుంట. ఒక్కటి యాదికి పెట్టుకో. ఈ ముచ్చట వెనక వరసకు తెల్వద్దు. అండ్ల ఒక్కరు నోరు జారినా నువ్వు జైలుకు, మేం కోర్టుకు."

గురువారం, శుక్రవారం అమల కుమార్ పక్కన నడిచింది. అతను గుర్తు చదివేవాడు, ఆమె తలుపు చూపించేది. ఫోటో, స్టిక్కరు. కుంటి మేక బిక్షం ఇంటికి పోయింది. రెండు మెట్లు పక్కనున్న డాబాకు పోయింది. కాగితాలు చూడటం అతని పని కాదు, చూడలేదు.

వాళ్లు నడిచిన చోటల్లా మాటలు ఆగిపోయేవి. బట్టలు ఉతికే ఆడవాళ్లు చేతులు ఆపి చూసేవారు. ఒక గుమ్మంలో ఎవరో పసిపిల్లను లోపలికి లాక్కుని గొళ్లెం పెట్టుకున్నారు. కరివేపాకు చెట్టు ముందు నుంచి కుమార్ తల తిప్పుకుని దాటిపోవడం వెనక వరసంతా చూసింది.

అమృతమ్మ తన గడపలోనే కూర్చుని ఉంది. ఆమె తలుపు మీద స్టిక్కరు మూల కొంచెం లేచి ఉంది, పీకబోయి భయపడి వదిలేసినట్టు.

"ఏం బిడ్డా, నీ ఇల్లు దక్కిందా?" అని అడిగి, జవాబు కోసం చూడకుండా పక్కకు తిరిగి ఉమ్మింది.

అమల ఆగలేదు. శుక్రవారం సాయంత్రం ట్యాబ్ మీద వేలితో సంతకం పెట్టింది. ఇన్నేళ్లలో ఆమె రాసిన మొదటి తప్పుడు లెక్క అది.

శనివారం తనిఖీ అధికారి వచ్చాడు. నూట నలభై మూడుకు పద్నాలుగు ఇళ్లు. చీటీలు తీసి నంబర్లు చదివారు. మొదటిది అమృతమ్మది. కాగితం లేదు. టిక్కు. రెండోదీ లేదు. టిక్కు.

మూడోది బిక్షం. ఇనప్పెట్టె తెరిచి, ప్లాస్టిక్ కవర్లోంచి పట్టా తీసి అధికారి చేతిలో పెట్టాడు. "చూడుండ్రి సార్. నాకు కాగితం లేదని ఎవడు చెప్పిండు?" అతని గొంతులో కోపం నటనలా లేదు. అధికారి కుమార్ వైపు చూశాడు.

ఐదోది పట్టా. ఆరోది పట్టా. ఎనిమిదో ఇంట్లో కొత్తగా వచ్చిన కోడలు భయపడిపోయి, అమలను చూపిస్తూ, "ఈ అక్కనే గదా స్టిక్కరు..." అని మొదలుపెట్టింది. అత్త ఆమెను లోపలికి నెట్టి కాగితం తెచ్చింది. అధికారి అమల మొహాన్ని ఒక్క క్షణం ఎక్కువే చూసి, ఏదో రాసుకున్నాడు. పద్నాలుగు అయ్యేసరికి తొమ్మిది ఇళ్లకు కాగితాలున్నాయి.

"దీన్ని సర్వే అంటారా?" అని ఫైలు మూసి కారెక్కాడు.

కుమార్ మాత్రం వెళ్లలేదు. గోడకు ఆనుకుని అమలనే చూస్తున్నాడు. అరవలేదు, తిట్టలేదు.

"ఒక్క మాట చెప్పక్కా. అబద్ధం మార్చిల రాసినవా, మొన్న చూపించినవా?"

"మనుషులం గదా తమ్మీ. లెక్క తప్పుతది."

"తప్పుతది." అతను నవ్వి ట్యాబ్ సంచిలో పెట్టుకున్నాడు. "మనుషులకే."

సోమవారం నోటీసులు రాలేదు. మధ్యాహ్నం ప్రభుదాసు ఫోన్ చేశాడు. గొంతులో సంతోషం లేదు.

"జాబితా కొట్టేశారమ్మా. దాంతో పాటు మన ఆరువందల పన్నెండు ఫారాలూ నమ్మదగనివని రాశారు. వెనక వరస మోరీ కూడా రద్దు. నీ సంతకం మీద విచారణ ఉండొచ్చు, నా మీద కూడా. అది పోనీ." "సర్వే మళ్లీ చేస్తారట. ఈసారి ఎవర్నీ ఏమీ అడగరట."

"అడగకుండ ఎట్ల రాస్తరు సార్?"

ఆయన చెప్పబోయేది ఇక్కడ మొదలైన చప్పుడులో కలిసిపోయింది. తేనెటీగల తుట్టె కదిలినట్టు ఒక మోత. అమల ఫోను చెవి నుంచి తీసి బయటికి వచ్చింది.

అమృతమ్మ ఎదురుగా నిలబడి ఉంది. బిక్షం అసలు సంగతి ఎవరితోనో చెప్పే ఉంటాడు, ఆమె కళ్లు తడిగా ఉన్నాయి. ఏదో అనడానికే వచ్చింది. అనకుండానే తల పైకెత్తి, ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"గదేంది బిడ్డా?"

నాలుగు రెక్కల డ్రోన్, నల్లగా, అరచేయంత కనిపిస్తోంది. క్యాంపస్ గోడ దాటి వచ్చింది. ముందు వరస ఇళ్ల మీద ఒక్క క్షణం కూడా ఆగలేదు. తిన్నగా వెనక వరస మీదికి వచ్చి, మెల్లగా కిందికి దిగసాగింది.